ప్వీ ద దోమ్ మీద మిగిలిన 14 సెకన్లు

సైకిల్ రేసుల చరిత్ర మీద వచ్చిన పుస్తకాల్లో ఒక ఫొటో తరచుగా కనిపిస్తుంది. నిటారుగా ఉన్న కొండ రోడ్డు, ఇద్దరు మనుషులు, ఒకరి భుజం ఇంకొకరి భుజానికి తగిలేంత దగ్గరగా తొక్కుతుంటారు. 1964 జులై 12, టూర్ ద ఫ్రాన్స్ 20వ స్టేజి. ఆ కొండ పేరు ప్వీ ద దోమ్, చల్లారిపోయిన అగ్నిపర్వతం (మన దోమకీ దీనికీ ఏ సంబంధం లేదు లెండి). కొండ గోడ వైపు పసుపు జెర్సీలో ఉన్నవాడు జాక్ ఆంక్తీల్, అప్పటికే నాలుగు టూర్లు గెలిచాడు. లోయ వైపు ఉన్నవాడు రేమో పూలిదోర్. ఒక్క టూరూ గెలవలేదు, కానీ ఫ్రాన్స్ జనం ముద్దుగా "పూపూ" అని పిలుచుకున్నది ఇతన్నే.

పూలిదోర్ కథ ఎవరు చెప్పినా "పాపం, అదృష్టం లేనివాడు" అనే చెప్తారు. నాకైతే ఆ మాట మింగుడుపడదు. ఆ ఏడాది లెక్కలు వేసి చూస్తే అదృష్టం వాటా అంత పెద్దదేం కాదు.

టూర్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మూడు వారాల పాటు రోజూ తొక్కిన టైమంతా కూడితే ఎవరిది తక్కువో వాళ్ళే విజేత. అప్పట్లో మామూలు స్టేజిలో మొదట వచ్చినవాడికి ఒక నిమిషం, రెండోవాడికి 30 సెకన్లు బోనస్‌గా తగ్గించేవాళ్ళు. ప్వీ ద దోమ్ రోజు పొద్దున పూలిదోర్ 56 సెకన్లు వెనక ఉన్నాడు. చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్ దాకా ఒంటరిగా గడియారంతో పోటీ. ఆ విద్యలో ఆంక్తీల్ ముందు నిలబడేవాడు లేడు. కాబట్టి తేల్చుకోవాలంటే ఈ కొండ మీదే తేల్చుకోవాలి.

పైగా ఆంక్తీల్ అలిసిపోయి ఉన్నాడు. జూన్‌లోనే ఇటలీ టూర్ గెలిచి నేరుగా ఇక్కడికి వచ్చాడు. ఒకే ఏడు రెండూ గెలవడమంటే ఆషామాషీ కాదు, అప్పటికి ఫౌస్తో కోపీ ఒక్కడే చేశాడు.

ఇప్పుడు అసలు విషయం. చదును నేల మీద ఇంకొకడి చక్రం వెనక దాక్కుంటే గాలి తగలదు, చాలా శ్రమ ఆదా అవుతుంది. ప్వీ ద దోమ్ చివరి నాలుగైదు కిలోమీటర్లు మాత్రం నూటికి 11-12 వంతుల ఎత్తు. అక్కడ ఎంతటివాడైనా నెమ్మదిగానే పోతాడు, వెనక ఉన్నా పెద్దగా లాభం లేదు. అయినా అలిసినవాడు ఎవడైనా వెనకే ఉంటాడు. ఆంక్తీల్ వెనక ఉండలేదు, పక్కన వచ్చాడు! వెనక ఉండి ఒక్క మీటరు జారినా "వీడి పని అయిపోయింది" అని తెలిసిపోతుంది. పక్కనే ఉంటే "నాకింకా ఓపికుంది, కావాలంటే నేనే ముందుకి పోతా" అని చెప్పినట్టు. అచ్చం పేకాటలో ముక్కల్లేకుండా పందెం పెంచడమే. పూలిదోర్ నమ్మాడు.

ఈలోగా స్పెయిన్ కొండవీరులు హూలియో హిమేనెథ్, ఫెదెరీకో బాహమోంతెస్ ముందుకి వెళ్ళిపోయారు. ఫొటోలో వీళ్ళు లేరు కాబట్టి చాలామంది మర్చిపోతారు, కానీ నా దృష్టిలో టూర్ అక్కడే పోయింది. వాళ్ళిద్దరూ పోతే 60 సెకన్ల బోనసూ, 30 సెకన్ల బోనసూ రెండూ వాళ్ళతోనే పోతాయి. ఆంక్తీల్‌కి ఇంతకన్నా కావలసింది ఏముంది? పూలిదోర్ మాత్రం పక్కవాణ్ణే చూస్తూ ఉండిపోయాడు.

చివరి కిలోమీటరులో గానీ ఆంక్తీల్ చేతులెత్తెయ్యలేదు. ఆ కాస్త దూరంలోనే పూలిదోర్ 42 సెకన్లు లాగేశాడు. 56లోంచి 42 తీస్తే 14. అదే 42కి రెండో స్థానం బోనస్ 30 కలిసుంటే 72, పసుపు జెర్సీ ఆ సాయంత్రమే చేతులు మారేది. పైకి వచ్చాక ఎన్ని సెకన్లు మిగిలాయని అడిగి, 14 అనగానే, నాకు కావలసినదానికన్నా 13 ఎక్కువే అన్నాడట ఆంక్తీల్. చివరి రోజు అతను ఇంకో 21 సెకన్లు ముందొచ్చాడు, దాని బోనస్ 20. మొత్తం 55 సెకన్ల తేడాతో ఐదో టూర్.

ఈ 55ని పట్టుకుని వెనక్కి వెళ్ళండి. మొనాకో స్టేజి ముగింపు ఒక ట్రాక్ మీద. ఇంకో రౌండు మిగిలుండగానే అయిపోయిందనుకుని పూలిదోర్ ప్రాణం పెట్టి తొక్కేశాడు. అసలు చివరి రౌండులో ఆంక్తీల్ గెలిచి నిమిషం బోనస్ పట్టుకుపోయాడు. లూప్ ఒకటి తక్కువ తిరిగే బగ్గు మేం రోజూ చూసేదే గానీ, టూర్ ఖరీదు చేసిన బగ్గు ఇదొక్కటే అనుకుంటా.

అందోరా నుంచి తులూజ్ వచ్చిన రోజుది మాత్రం నిజంగా దురదృష్టమే, ఒప్పుకుంటాను. ఆంవలీరా కనుమ మీద ఆంక్తీల్ నిమిషాల కొద్దీ వెనకబడి, పొగమంచులో తెగించి దిగి కలుసుకున్నాడు. తర్వాత పూలిదోర్ చక్రం మార్చాల్సొచ్చింది. మెకానిక్ తొయ్యబోయి అతన్ని కిందే పడేశాడు. రెండు నిమిషాలకి పైగా పోయాయి. మర్నాడు లూషోన్‌లో గెలిచి చాలావరకు రాబట్టుకున్నాడు, అది వేరే సంగతి.

పూలిదోర్ మూడుసార్లు రెండోవాడుగా, ఐదుసార్లు మూడోవాడుగా టూర్ ముగించాడు. పసుపు జెర్సీ ఒక్క రోజూ వేసుకోలేదు. 2019లో పోయాడు. 2021లో అతని మనవడు మాథ్యూ వాన్ డెర్ పూల్ దాన్ని ఆరు రోజులు తొడుక్కున్నాడు.

1988 తర్వాత టూర్ మళ్ళీ ప్వీ ద దోమ్ ఎక్కింది 2023లో. ఆ రోజు రేసు మొదలైంది పూలిదోర్ ఊరు సేన్ లియొనార్ ద నొబ్లా నుంచే. చివరి నాలుగు కిలోమీటర్లలో జనాన్ని రానివ్వలేదు. పసుపు జెర్సీలో వింగెగోర్, పక్కన పొగాచర్. పొగాచర్ కూడా చివరి కిలోమీటరున్నర దాకా ఆగి, ఆ తర్వాతే కదిలాడు. దక్కింది 8 సెకన్లు.