అనంతగిరి గాలి - మా తాత

మాది పెద్దేముల్. శుక్రవారం వస్తే చాలు, "మీవైపు చూడ్డానికి ఏమున్నాయ్?" అని ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు. భక్తి ఉన్నవాళ్ళకి అనంతపద్మనాభస్వామి గుడి, నడిచే ఓపికున్నవాళ్ళకి అనంతగిరి అడవి, పిల్లలున్నవాళ్ళకి కోటిపల్లి ప్రాజెక్టులో పడవలు అని చెప్తుంటాను.

నిజానికి ఇదేం కొత్త మోజు కాదు. 1874లో వాడి-సికింద్రాబాద్ రైలు మొదలయ్యాక వికారాబాద్, తాండూరు పట్నానికి దగ్గరయ్యాయి. నిజాం కాలంలోనే అనంతగిరి మీద క్షయరోగులకి శానిటోరియం వెలిసింది. కొండగాలి, మంచి తిండి, విశ్రాంతి - అప్పట్లో అదే వైద్యం. యూరప్‌లో డబ్బున్న రోగులు ఇందుకే దావోస్ వెళ్ళేవాళ్ళు.

తర్వాత మందులొచ్చాయి. ఇరుకిళ్ళలో ఉంటూ మందులు మింగినవాళ్ళకీ, శానిటోరియంలో ఉండి మింగినవాళ్ళకీ దాదాపు ఒకేలా నయమైందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది. అంటే, గాలి గొప్పేం లేదన్నమాట!

మా తాత 70ల్లో కొన్ని నెలలు ఆ కొండమీదే ఉన్నాడు. "ఆ గాలే నన్ను బతికిచ్చింది" అంటాడు. "మందులు కూడా ఇచ్చిండ్రు కద తాతా" అని చాలాసార్లు వాదించాను. ఒకసారి నవ్వి, "పుట్టినకాంచి నన్ను పనికి పిలవని దినం లేదురా. ఆడనే పిలవలే" అన్నాడు.

అప్పట్నుంచీ వాదించడం మానేశాను. గుడికైనా, అడవికైనా, పడవలకైనా మనం వెళ్ళేది కూడా అందుకే కదూ? కాకపోతే మన ఫోన్లు అక్కడా మోగుతాయి.