జామా తొడిగిన హబ్షీ దొరలు

రాయచూరు పాత ఊళ్లో ఏక్ మినార్ మసీదుది ఒంటి మినారు. ఎత్తు 65 అడుగులు. బహమనీ సుల్తాన్ మహమూద్ షా ఏలుబడిలో, 1513లో, మలిక్ అంబర్ దీన్ని కట్టించాడని అక్కడి పారశీక శాసనం చెబుతుంది. ఇథియోపియా నుంచి బానిసలుగా వచ్చిన హబ్షీలకు ఆ రోజుల్లో అంబర్ అన్న పేరు తరచుగా పెట్టేవారు. అహమద్‌నగర్‌ను నడిపిన ప్రసిద్ధ మలిక్ అంబర్ ఈయన కాదు. ఆయన పుట్టిందే 1548 ప్రాంతంలో.

ఆ రెండో అంబర్ చేతులు మారుతూ బాగ్దాద్ మీదుగా దక్కనుకు చేరాడు. అహమద్‌నగర్‌లో ఆయన్ను కొన్న పేష్వా చంగీజ్ ఖాన్ కూడా హబ్షీయే. రాయచూరు అంతర్వేదిని పాలించిన బిజాపూర్ దర్బారులోనూ ఇదే కథ: మహమ్మద్ ఆదిల్ షా కాలంలో ఇఖ్లాస్ ఖాన్ అనే హబ్షీ వజీరు స్థాయికి ఎదిగాడు.

వీళ్లు కట్టిన బట్ట ఏమిటి?

పుట్టినగడ్డ మీద దొరల వేషం వేరు. ఇంగ్లిష్ యాత్రికుడు హెన్రీ సాల్ట్ 1814లో ప్రచురించిన యాత్రాగ్రంథం మొదలు, 1868 అబిసీనియా (నేటి ఇథియోపియా) యుద్ధకాలపు లండన్ పత్రికల దాకా అచ్చుబొమ్మలు ఆ వేషాన్ని యూరప్‌కు పరిచయం చేశాయి. ఇథియోపియా దొరల ఒంటిమీద ప్రధానమైనది శమ్మా, అంటే తెల్లని నూలు దుప్పటి. ఎర్రని పట్టె వేసిన శమ్మా గౌరవ చిహ్నం. యుద్ధవీరుడైతే భుజాల మీద సింహపు జూలో, లెమ్డ్ అనే మఖ్మలు పైవస్త్రమో వేలాడేది. పైవాడి ఎదుటికి వెళ్లేటప్పుడు శమ్మాను భుజాల నుంచి దించి నడుముకు చుట్టుకోవాలి.

దక్కను హబ్షీల చిత్రాల్లో వీటి జాడే లేదు. మొగల్ చిత్రకారుడు హాషిం గీసిన అహమద్‌నగర్ మలిక్ అంబర్ తెల్లని పల్చటి జామాలో నిలబడి ఉంటాడు. రొమ్ము మీద ఒక అంచు మీదికి మరొకటి వచ్చి, చంక కింద నాడాలతో ముడిపడే అంగీ జామా. నడుము కింద కుచ్చెళ్లు విచ్చుకుంటాయి. నేత ఎంత సన్ననిదంటే లోపలి పైజామా కనబడుతుంది. నడుముకు పట్కా చుట్టి, అందులో కటారు దోపుకోవడం అమీర్ల పద్ధతి. బిజాపూర్ చిత్రకారులు హైదర్ అలీ, ఇబ్రహీం ఖాన్ చేసిన చిత్రంలో ఇఖ్లాస్ ఖాన్ ఏకంగా సుల్తాన్ వెనకే ఏనుగు మీద కూర్చున్నాడు. వేషంలో ఆయన బిజాపూర్ అమీరు. హబ్షీ అని చెప్పేది ముఖవర్ణం, పోలికలే.

అలా ఎందుకంటే, దర్బారులో బట్ట హోదాకు సాక్ష్యం. సుల్తాన్ స్వయంగా ఖిలత్, అంటే గౌరవ వస్త్రం, తొడిగిస్తే ఆ మనిషి ఎవరి కొలువులో ఉన్నాడో అందరికీ తెలిసేది. చిన్నప్పుడే ఇంటికీ కులానికీ దూరమైన హబ్షీకి పరువు, బంధుబలగం అన్నీ ఆ కొలువే. ఈ చిత్రకారులు వీళ్లను బానిసలుగా కాక, నిండు గౌరవంతో రాజ్యస్తంభాలుగా గీశారు.

రాయచూరు నుంచి తుంగభద్ర దాటితే ఆదోని. అక్కడి జామియా మసీదు కట్టించిన సిద్దీ మసూద్ కూడా హబ్షీయే. 1660లో పన్హాళాలో శివాజీని ముట్టడించిన కర్నూలు సిద్దీ జౌహర్‌కు అల్లుడు. బిజాపూర్ రాజ్యభారం కొన్నేళ్లు మోసి, 1688లో ఆదోనిని మొగలులకు అప్పగించాడు. హబ్షీ అమీర్ల చిత్రాలు ఇప్పుడు లండన్, బోస్టన్, శాన్ డియాగో మ్యూజియాల్లో ఉన్నాయి. రాయచూరు, ఆదోని బడిపిల్లలకు వాటి నకళ్లయినా పాఠ్యపుస్తకంలో, ఈ మసీదుల బొమ్మల పక్కన కనబడాలి.