నాలుగు స్క్రూల డబ్బా

కంప్యూటర్ ఆన్ కావడం లేదని ఎవరైనా రిపేరు షాపుకు మోసుకొస్తే మెకానిక్ ముందుగా చేసే పని ఒకటుంది. క్యాబినెట్ పక్క రేకు ఊడదీస్తాడు. మదర్‌బోర్డుకు గుచ్చి ఉన్న పెద్ద కనెక్టర్‌ను లాగేసి, అందులోని ఆకుపచ్చ వైరునూ ఏదో ఒక నల్ల వైరునూ చిన్న తీగ ముక్కతో కలుపుతాడు. ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్‌లో, అంటే కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాలో, ఇంకా ప్రాణం ఉన్నట్టు. తిరక్కపోతే వెనక ఉన్న నాలుగు స్క్రూలు విప్పి, పాత డబ్బా తీసేసి, కొత్తది బిగించడమే. అరగంట పని. ఈ ఆకుపచ్చ వైరు పరీక్ష వయసు ముప్పై ఏళ్లే. దాని వెనక కథ మాత్రం అంతకంటే పాతది. ఆ కథలో పవర్ సప్లై చెడిపోయే తీరు, దాన్ని కనిపెట్టే తీరు, బాగుచేసే మనిషి, మూడూ మారిపోయాయి.

ప్లగ్గులో మనకు దొరికేది 230 వోల్టుల ఏసీ. చిప్పులకు కావలసింది 5 వోల్టులో, 12 వోల్టులో డీసీ. 1970ల నడుమ దాకా ఇంట్లో పెట్టుకునే చిన్న కంప్యూటర్లకు ఈ పని చేసిపెట్టింది బరువైన ట్రాన్స్‌ఫార్మరే. 1975లో కిట్‌గా అమ్ముడుపోయిన ఆల్టెయిర్ 8800 పెట్టెలో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 8 వోల్టులు ఇచ్చేది. ఒక్కో కార్డు మీదున్న రెగ్యులేటర్ దాన్ని 5కు దించేది. మిగిలిన మూడు వోల్టులూ వేడిగా పోయేవి. ఇలాంటి సప్లైలు తీసుకున్న కరెంటులో సగం దాకా వేడికే తగలేసేవి. అయితే రిపేరు సులువు. ఫ్యూజు, డయోడ్లు, కెపాసిటర్, రెగ్యులేటర్ అని వరసగా మీటరు పెట్టి చూసుకుంటూ పోతే దొంగ దొరికేవాడు.

ఈ బరువును వదిలించుకునే ఉపాయం ఇంజనీర్లకు ముందే తెలుసు. మెయిన్స్ కరెంటును ముందే డీసీగా మార్చి, ఒక ట్రాన్సిస్టర్‌తో సెకనుకు వేలసార్లు తెంచి కలిపితే, అంత వేగం మీద చిటికెడంత ట్రాన్స్‌ఫార్మర్ చాలు. పెద్ద బిందెను ఒక్కసారి ఎత్తే బదులు చిన్న చెంబుతో గబగబా తోడినట్టు. 50 హెర్ట్జ్‌కు బదులు 20,000 హెర్ట్జ్ దాటితే కిలోల ఇనుము అక్కర్లేదు. అపోలో వ్యోమనౌకల్లోని గైడెన్స్ కంప్యూటర్‌కు ఇలాంటి స్విచింగ్ సప్లైలే పెట్టారు. కానీ వందల వోల్టులకు తట్టుకుంటూ అంత వేగంగా తెరుచుకుని మూసుకునే ట్రాన్సిస్టర్లు అప్పట్లో ఖరీదు. అందుకే అవి ఎక్కువగా అంతరిక్షానికీ సైన్యానికీ పరిమితమయ్యాయి.

1970లలో ఆ ధర దిగింది. అమెరికాలో రాబర్ట్ బోషర్ట్ అనే ఇంజనీరు సర్క్యూట్‌లో విడిభాగాలు తగ్గించి, స్విచింగ్ సప్లైను పాత రకంతో ధరలో పోటీపడేలా చేశాడు. 1976లో బాబ్ మమ్మానో డిజైన్ చేసిన ఎస్‌జీ1524 అనే చిప్పు వచ్చింది. స్విచింగ్‌ను అదుపు చేసే సర్క్యూట్ మొత్తం ఆ ఒక్క చిప్పులోకి దిగింది. మరుసటేడు యాపిల్ 2 బయటికొచ్చింది. అందులో ఫ్యాన్ మోత ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టు. ఇంజనీరు రాడ్ హోల్ట్ దానికి 38 వాట్ల స్విచింగ్ సప్లై చేసిపెట్టాడు. కంప్యూటర్ ప్లాస్టిక్ పెట్టెలో, ఫ్యాన్ లేకుండా, అది చల్లగానే పనిచేసింది.

తర్వాత వచ్చిన కంప్యూటర్లన్నీ హోల్ట్ డిజైన్‌నే కాపీ కొట్టాయని జాబ్స్ చెప్పుకున్నాడు. వాల్టర్ ఐజాక్సన్ రాసిన జీవితచరిత్రలోకీ ఆ మాట ఎక్కింది. సర్క్యూట్ చూస్తే అలా అనిపించదు. హోల్ట్ వాడింది ఫ్లైబ్యాక్ పద్ధతి. తర్వాతి పీసీ సప్లైలు ఎక్కువగా హాఫ్‌బ్రిడ్జ్, ఫార్వర్డ్ పద్ధతులవి. యాపిల్ చేసిన అసలు పని, ఆ రకం సప్లైను మామూలు జనం బల్ల మీదికి తేవడం.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీకి 63.5 వాట్లు సరిపోయాయి. హార్డ్ డిస్క్ చేరిన ఎక్స్‌టీ మోడల్‌కి 1983లో 130, మరుసటేడు ఏటీకి 192 వాట్లు కావలసి వచ్చాయి. ఏటీలో చిత్రమైన భాగం ఒకటి కనిపిస్తుంది. అప్పటి స్విచింగ్ సప్లై ఎంతో కొంత లోడు లేకపోతే స్థిరంగా నడిచేది కాదు. అందుకని హార్డ్ డిస్క్ లేకుండా అమ్మిన ఏటీల్లో, డిస్క్ ఉండాల్సిన చోట 5 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్ బిగించి పంపేవారు. ఏ పనీ చేయకుండా కరెంటు తాగుతూ వేడెక్కడమే దాని ఉద్యోగం. ఆ తరం సప్లైను విడిగా బల్ల మీద పెట్టి పరీక్షించేవాళ్లు 12 వోల్టుల కారు బల్బు తగిలించేదీ ఇందుకే. లోడు లేకుండా ఆన్ చేసి, వోల్టేజీ రావడం లేదని మంచి సప్లైని చెత్తబుట్టలో వేసే ప్రమాదం ఉంది మరి.

ఏటీ తరంలో మదర్‌బోర్డుకు కరెంటిచ్చేవి పీ8, పీ9 అనే రెండు కనెక్టర్లు. పక్కపక్కనే ఉంటాయి, అచ్చం ఒకేలా ఉంటాయి. తారుమారు చేసి గుచ్చితే బోర్డు అక్కడికక్కడే కాలిపోవచ్చు. 'రెండిటి నల్ల వైర్లూ పక్కపక్కన, మధ్యలో ఉండాలి' అన్నది అప్పటి హార్డ్‌వేర్ కోర్సుల్లో తొలి పాఠం. ఆ తరం పవర్ స్విచ్చి కూడా ఉత్తుత్తి బటన్ కాదు. వెనక డబ్బాలోంచి లావాటి కేబుల్ క్యాబినెట్ ముందు దాకా 230 వోల్టులు మోసుకొచ్చేది. విండోస్ 95 షట్‌డౌన్ అయ్యాక, ఇక కంప్యూటర్ ఆపుకోవచ్చంటూ నారింజ రంగు అక్షరాలు కనిపించడం ఆ రోజులు చూసినవాళ్లకు గుర్తుంటుంది. ఆ తర్వాత వేలితో స్విచ్చి నొక్కాల్సిందే.

ఐబీఎం లోకానికి బయట ఉన్న యంత్రాల తీరు వేరు. 1982 నాటి కమొడోర్ 64 సప్లై కంప్యూటర్ బయట ఇటుకలా ఉండేది. లోపలంతా ఎపాక్సీ పోసి గడ్డకట్టించడంతో వేడి బయటికి పోయే దారి లేదు. ముసలితనంలో దాని రెగ్యులేటర్ చెడితే వోల్టేజీ పడిపోవడానికి బదులు 5 దాటి పెరిగేది. ముందుగా బలైపోయేవి మెమరీ చిప్పులు. అందుకే ఇప్పుడు పాత కమొడోర్ చేతికొస్తే, సప్లైని కంప్యూటర్‌కు తగిలించకముందే మీటరుతో ఆ 5 వోల్టులు కొలుస్తారు.

ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన బీబీసీ మైక్రోది ఇంకో జబ్బు. మెయిన్స్ రొద వడకట్టడానికి దాని సప్లైలో రిఫా కంపెనీ కెపాసిటర్లు వాడారు. లేత పసుపు పారదర్శకపు పెంకు, లోపల లోహం పూసిన కాగితపు చుట్ట. ఏళ్లు గడిచేకొద్దీ పెంకు మీద వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, కాగితం తేమ పీలుస్తుంది. దశాబ్దాల తర్వాత అటక మీంచి దించి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలకే ముక్కు పగిలే కంపుతో పొగ. యజమాని హడలిపోతాడు గానీ, చాలాసార్లు కంప్యూటర్ ఆ పొగలోనూ పనిచేస్తూనే ఉంటుంది. పోయింది వడపోత భాగమే కాబట్టి. అలాంటి యంత్రం దొరికితే ఆన్ చేయకుండానే ఆ కెపాసిటర్లు మార్చేయడం సేకర్తల్లో ఆనవాయితీ అయింది. 2016లో కాలిఫోర్నియాలో ఒక బృందం జెరాక్స్ ఆల్టో కంప్యూటర్‌ను బతికించినప్పుడూ ముందుగా చూసింది పవర్ సప్లైల సంగతే.

మన ఊళ్లలో ఈ విద్య కంప్యూటర్ల కంటే ముందే వచ్చింది. కలర్ టీవీల్లోనూ స్విచింగ్ సప్లైలే ఉండేవి. వాటిని బాగుచేసిన టీవీ మెకానిక్ బల్ల పక్కన 60 లేక 100 వాట్ల బల్బు బిగించిన సిరీస్ బోర్డు ఉండేది. కరెంటు ఆ బల్బు గుండానే సప్లైకి వెళ్తుంది. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సప్లై మాత్రం కాలిపోదు. బాగుంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. చచ్చిన ఎస్ఎంపీఎస్‌లో ట్రాన్సిస్టర్ మార్చాక అది నిలుస్తుందో పేలుతుందో తేల్చడానికి కంప్యూటర్ మెకానిక్‌లకూ ఇదే పద్ధతి పనికొచ్చింది.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చింది. రెండు కనెక్టర్ల స్థానంలో తప్పుగా గుచ్చడానికి వీల్లేని ఒకే 20 పిన్నుల కనెక్టర్. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ ఊదా వైరులో 5 వోల్టులు వేచి ఉంటాయి. ముందు బటన్ నొక్కితే మదర్‌బోర్డు ఆకుపచ్చ వైరును నేలకు కలుపుతుంది, సప్లై మేల్కొంటుంది. వోల్టేజీలన్నీ కుదురుకున్నాక 100 నుంచి 500 మిల్లీసెకన్లలో బూడిదరంగు వైరు మీద 'అంతా బాగుంది' అన్న సంకేతం వస్తుంది. అప్పుడే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. డబ్బా కొలతలు, స్క్రూల స్థానాలు, వైర్ల రంగులు అన్నీ ఒకటే కావడంతో ఎవరి డబ్బానైనా ఎవరి క్యాబినెట్‌లోనైనా బిగించవచ్చు. లోపల ఏది పోయిందో వెతకడానికి పట్టే సమయం కంటే కొత్తది బిగించడం చవకైంది. దాంతో సోల్డరింగ్ ఐరన్ మూలకు చేరింది, స్క్రూడ్రైవర్ చేతికొచ్చింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అసెంబుల్డ్ కంప్యూటర్లు జోరుగా అమ్ముడైన రోజుల్లో ఎస్ఎంపీఎస్‌ను విడిగా ఎంచుకునేవాళ్లు తక్కువ. అది క్యాబినెట్‌తో పాటే వచ్చేది. ధర తగ్గించాలంటే ముందుగా కోత పడేదీ అక్కడే. లేబుల్ మీద 450 వాట్లని ఉన్న డబ్బాను ఎత్తి చూస్తే తేలిగ్గా ఉండేది. లోపల సన్నని హీట్‌సింక్, చిన్న ట్రాన్స్‌ఫార్మర్, వడపోత కాయిల్స్ ఉండాల్సిన చోట ఉత్త తీగ ముక్క. పైగా లో వోల్టేజీ, కరెంటు పోయి వచ్చేటప్పటి కుదుపు, ఫ్యాన్ గుండా పీల్చుకున్న దుమ్ము. వెచ్చదనానికి దూరిన బల్లి షార్టై చచ్చి, దాంతో పాటే ఫ్యూజు పోవడమూ మెకానిక్‌లకు కొత్త కాదు.

వెనకవైపు ఎర్ర స్విచ్చిదీ ఒక ముచ్చట. అమెరికాకు 115, మనకు 230. మన దగ్గర 115 వైపు జరిపి ఆన్ చేస్తే, వోల్టేజీని రెట్టింపు చేసే సర్క్యూట్ పనిలోకి దిగి, 200 వోల్టులకు తయారైన రెండు పెద్ద కెపాసిటర్లలో ఒక్కోదాని మీద 325 వోల్టులు పడతాయి. ఆ చప్పుడుకు గది మొత్తం ఉలిక్కిపడుతుంది. 100 నుంచి 240 దాకా ఏదిచ్చినా తీసుకునే కొత్త సప్లైలు వచ్చాక ఆ ఎర్ర స్విచ్చి కనుమరుగైంది. ఆ పెద్ద కెపాసిటర్లు మామూలుగా దాచుకునేదీ తక్కువేం కాదు, 300 వోల్టుల పైమాటే. ప్లగ్గు తీసినా కాసేపు అది అలాగే ఉంటుంది. డబ్బా మూత విప్పొద్దని స్టిక్కర్లు అతికించేది అందుకే.

1999, 2007 మధ్య ఇంకో ఉపద్రవం వచ్చింది. తైవాన్‌లో తయారైన ఎన్నో కెపాసిటర్లలో ఎలక్ట్రోలైట్ నాసిరకం. అందులోని నీరు కెపాసిటర్ లోపలి అల్యూమినియంతో చర్య జరిపి హైడ్రోజన్ పుట్టించేది. గ్యాసుకు దారిగా నెత్తిన గంటు పెట్టిన చోట కెపాసిటర్ ఉబ్బేది, పగిలి గోధుమరంగు చీము కార్చేది. దొంగిలించిన ఫార్ములా అసంపూర్ణంగా ఉండడమే కారణమన్న కథ అప్పట్లో బాగా ప్రచారమైంది గానీ పూర్తిగా రుజువు కాలేదు. నష్టం మాత్రం నిజం. చెడ్డ మదర్‌బోర్డులు మార్చడానికి డెల్ 2005లో సుమారు 30 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది.

ఇలా కెపాసిటర్లు ఉబ్బి మెల్లగా చచ్చే సప్లైతోనే తంటా. ఫ్యాన్ తిరుగుతుంది, ఆకుపచ్చ వైరు పరీక్ష నెగ్గుతుంది. కానీ ఉదయం రెండు మూడుసార్లు నొక్కితే గానీ కంప్యూటర్ లేవదు, వేడెక్కాక నడుస్తుంది, ఏదైనా గేమ్ పెడితే రీస్టార్ట్ అవుతుంది. చాలామంది వైరస్ అనుకుని విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. అనుభవజ్ఞులు కంప్యూటర్‌ను పనిలో పెట్టి, కనెక్టర్ వెనకనుంచి మీటరు మొన గుచ్చి చూస్తారు. పసుపు వైరులో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 వోల్టులు ఉండాలి. లోడు పడగానే 12 కాస్తా 11.2కు జారితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఎవరి డబ్బా అయినా ఎవరికైనా సరిపోతుందన్న మాటకూ మినహాయింపులున్నాయి. 1990ల చివర్లో కొన్ని డెల్ కంప్యూటర్ల కనెక్టర్ చూడటానికి ఏటీఎక్స్‌లాగే ఉండేది, లోపల వైర్ల వరస వేరు. బజారులో కొన్న మామూలు సప్లై తగిలిస్తే బోర్డు పోయేది. పెంటియమ్ త్రీ, అథ్లాన్ కాలపు బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ కరెంటు 5 వోల్టుల వైరు నుంచే. 2000లో పెంటియమ్ 4తో నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ వచ్చాక భారం అటు మళ్లింది. పాత ఐఎస్ఏ కార్డులు కొన్ని అడిగే మైనస్ 5 వోల్టులు ప్రమాణంలోంచే తప్పుకున్నాయి. ఇప్పటి 500 వాట్ల సప్లై 12 వోల్టుల వైపే బలంగా ఉంటుంది. పాత అథ్లాన్ బోర్డుకు అది బిగిస్తే మొత్తం వాట్లు సరిపోయినా 5 వోల్టుల దగ్గర ఊపిరాడకపోవచ్చు. 2020 నాటికి ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్12వీఓ పద్ధతిలోనైతే సప్లై నుంచి 5, 3.3 వోల్టుల వైర్లే తీసేశారు.

అందువల్ల పాతికేళ్ల కిందటి కంప్యూటర్ ఉన్నవాళ్లు సరైన కొత్త డబ్బా దొరక్క, పాతదాన్నే విప్పించి లోపలి కెపాసిటర్లు మార్పించుకుంటున్నారు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట్ల అవి ఇప్పటికీ విడిగా దొరుకుతాయి. వోల్టేజీ పాతదానికి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. అవుట్‌పుట్ వైపుకు 85 డిగ్రీల రకం వద్దని, 105 డిగ్రీల లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) రకమే కావాలని అడిగి మరీ తెచ్చుకోవాలి.