పరుగుకు పుట్టిన జంతువు ఏది? హోసూరు ఎద్దు, పందెపు గుర్రం, ఒక తీర్పు

2014 మే 7న జల్లికట్టును నిషేధిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును జంతు సంక్షేమంపై రాసేవారంతా ప్రమాణంగా తీసుకున్నారు. చీలిన డెక్క నడకకే తగినది, ఎద్దు దేహం ప్రదర్శనకు పనికిరాదు అన్నది అందులోని కీలక వాదన. దాన్ని పట్టుకుని, ఒంటిడెక్క గుర్రం పరుగుకే పుట్టిందని వ్యాఖ్యాతలు చెప్పకనే చెప్పారు. నా పేచీ ఇక్కడే. తమిళనాడులోని హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట చుట్టుపక్కల ఎద్దులు సాకే ఇళ్లలో కూర్చున్నకొద్దీ ఆ పేచీ బలపడింది.

ప్రదర్శించకూడని జంతువుల జాబితాలో 2011లో ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాల సరసన ఎద్దు చేరింది. గుర్రం లేదు. 1996లో లక్ష్మణన్ కేసులో గుర్రప్పందెం నైపుణ్యపు ఆట అని తేల్చింది కూడా ఇదే న్యాయస్థానం. అక్కడ తేలాల్సింది అది జూదమా కాదా అన్నదే. గుర్రం నొప్పి ఎవరికీ ప్రశ్న కాలేదు.

పరుగు గుర్రానికి సహజమే, కాదనను. కళ్లెం సహజమా? కింది దవడలో ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య పళ్లులేని ఖాళీ ఉంటుంది. ఎముక మీద పలచని చిగురు తప్ప అక్కడ మరేమీ లేదు. ఇనుప కడ్డీ కూర్చునేది సరిగ్గా అక్కడే. నోరు తెరిచి తప్పించుకోకుండా ముక్కుపట్టీ బిగిస్తారు. పట్టీకీ ముక్కు ఎముకకూ మధ్య ఒకటిన్నర సెంటీమీటర్ల సందు ఉందో లేదో కొలిచే సాధనాన్ని అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2025లో గానీ అమలుచేయలేదు. డెక్క చూసి తీర్పు చెప్పేవారు నోరు తెరిపించి చూడలేదు.

2021లో టోక్యో ఒలింపిక్స్ ఆధునిక పెంటాథ్లాన్‌లో సెయింట్ బాయ్ అనే గుర్రం అడ్డంకులు దూకనని మొండికేసింది. జర్మన్ కోచ్ దాన్ని పిడికిలితో గుద్దింది. లోకమంతా చూసింది, ఆమెను పోటీల నుంచి పంపేశారు, పారిస్ తర్వాత ఆ క్రీడలో స్వారీయే లేకుండా పోయింది. కానీ బ్రిటన్ ఒలింపిక్ రౌతు షార్లెట్ డుజార్డిన్ శిక్షణలో గుర్రం కాళ్లపై కొరడా ఝళిపించిన దృశ్యం బయటపడటానికి ఏళ్లు పట్టింది. 2024లో ఆమెపై ఏడాది నిషేధం పడింది. హింస జరిగేది ఎక్కువగా మైదానంలో కాదు, గోడల వెనక.

గుర్రాన్ని గోడల వెనక వాడుకోవడం హోసూరుకు కొత్త కాదు. పక్కనే మత్తిగిరిలో ఇప్పుడున్న పశువుల ఫారం 1824లో ఈస్టిండియా కంపెనీ సైన్యానికి గుర్రాలు పెంచే చోటుగా మొదలైంది. పనికొచ్చినన్నాళ్లూ మేత, పనికిరాని రోజున తీసివేత: ఇదీ రిమౌంట్ (సైన్యానికి గుర్రాలు సమకూర్చే శాఖ) లెక్క. నేటి పందెపు శాలలు ఆ లెక్కకే వారసులు.

ఎద్దు సంగతి వేరు. అది ఇంటి ముంగిట కట్టేసి ఉంటుంది. దానికి మేత తగ్గినా, కాలు కుంటినా ఊరంతటికీ తెలుస్తుంది. దానితో ఊరికున్న అనుబంధం ఎంతంటే, 2023 ఫిబ్రవరి 2న ఎద్దుల పండుగకు అనుమతి ఆలస్యమైందని హోసూరు దగ్గరి గోబసంద్రంలో జనం బెంగళూరు రహదారిని దిగ్బంధించారు. ఎద్దుల పండుగల్లో మనుషులు చనిపోతున్నారు, ఎద్దులూ గాయపడుతున్నాయి, నిజమే. అయినా పదిమంది కళ్లముందు బతికే జంతువుకు ఉన్న రక్షణ ఏ చట్టమూ ఇవ్వలేదు.

జల్లికట్టును అనుమతించే తమిళనాడు చట్ట సవరణను 2023 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించడంతో ఎద్దు వివాదం ముగిసింది. గుర్రం విచారణ ఇంకా మొదలే కాలేదు. అది మొదలైననాడు డెక్కను పక్కనపెట్టి నోటిని, మైదానాన్ని వదిలి శాలను పరీక్షించాలి.