రిమార్కుల కాలమ్‌లో రాయని సంగతి

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర వున్న రోజుల్లో చూసిన ఒక చిన్న రైల్వే స్టేషను గురించి రాస్తున్నాను.

ఆ ఊరు టెంపుల్‌కూమ్. సోమర్‌సెట్ కౌంటీలోని గ్రామం. లండన్ వాటర్లూ నుండి ఎక్సెటర్ వెళ్ళే లైనులో, వాటర్లూకు 112 మైళ్ళ దూరంలో వుంది. చుట్టుపక్కల వింకాంటన్, హెన్‌స్ట్రిడ్జ్ ఊళ్ళవారు కూడా ఉద్యోగాలకు, చదువులకు ఇక్కడికే వచ్చి రైలెక్కుతారు.

ఈ లైను ఇక్కడ 1860లో ప్రారంభమైంది. తరువాత దీని క్రిందుగా ఉత్తర దక్షిణాలుగా మరొక లైను వచ్చింది. బాత్ నుండి బోర్న్‌మత్ పోయే ఆ లైను బళ్ళు పై స్టేషనుకు రావాలంటే, వెనుక వైపు ఇంకొక ఇంజను తగిలించి ఎదురు లాగవలసి వచ్చేది. ఎంత సందడిగా వుండేదో, జంక్షన్లలో కాలం గడిపిన మన వారికి వేరే చెప్పనక్కరలేదు.

1963లో బ్రిటిష్ రైల్వే చైర్మన్ డాక్టర్ బీచింగ్ తన నివేదికలో 2,363 స్టేషన్లు మూసివేయాలని సిఫారసు చేశాడు. అందుకు లెక్కలు తీసింది 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం. వేసవి సెలవులకు సముద్రతీరం చేరే జనం ఆ లెక్కలోకి రాలేదు. బోర్న్‌మత్ లైనుకు ఆ జనమే ప్రాణం. 1966 మార్చి 7న ఆ లైనుతోపాటు టెంపుల్‌కూమ్ స్టేషనూ మూతపడింది. వింకాంటన్, హెన్‌స్ట్రిడ్జ్‌లకున్న సొంత స్టేషన్లు కూడా ఆ రోజే పోయాయి. తరువాత కట్టడాలు పడగొట్టారు. సిగ్నల్ కేబిన్ మాత్రం మిగిలింది. పదిహేడేళ్ళపాటు లండన్ బళ్ళు ఆ ఊరి మీదుగానే ఆగకుండా పోయాయి.

ఊరివారు ఊరుకోలేదు. 1980లో కమిటీ వేసుకుని పట్టు వదలక పనిచేశారు. 1981లో టోనీ స్పెల్లర్ అనే పార్లమెంటు సభ్యుడి చొరవతో ఒక చట్టసవరణ వచ్చింది. మూసిన స్టేషనును ప్రయోగాత్మకంగా తెరిచి, జనం రాకపోతే పెద్ద తతంగం లేకుండా తిరిగి మూయవచ్చునన్నది దాని సారాంశం. 1983లో టెంపుల్‌కూమ్‌లో మళ్ళీ బండి ఆగింది. సిగ్నల్ కేబిన్‌లోనే టిక్కెట్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. జనం వచ్చారు, స్టేషను నిలిచింది.

ఆ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని అమ్మాయి ఈ కథ చెబుతుంటే నాకు మా ఆఫీసు గుర్తుకొచ్చింది. 1980 దశకంలో ఒక మారుమూల ఊరిలోని మా శాఖ చిన్న ఆఫీసు ఎత్తివేతకు స్టేట్‌మెంటు తయారుచేసినది నేనే. పైవారు అడిగినది జూలై నెల సగటు. జూలైలో ఊరంతా నాట్లలో వుంటుందని, పనుల మీద ఆఫీసుకు ఎవరూ రారని నాకు తెలుసు. అయినా రిమార్కుల కాలమ్‌లో 'నిల్' అని రాసి పంపాను. ఆఫీసు ఎత్తేశారు. చిన్న కాగితానికి కూడా ఆ ఊరి ముసలివాళ్ళు పద్నాలుగు మైళ్ళు పోవలసి వచ్చింది. నా అంకెల్లో తప్పు లేదు గనుక ఎవరూ నన్ను అడగలేదు.

అమ్మాయికి ఆ సంగతి అక్కడే చెప్పాను. 'ఒక్క ముక్క రాస్తే ఏమయ్యేది నాన్నా?' అంది. ఏమీ అయ్యేది కాదేమో. ఆఫీసు ఎలాగూ ఎత్తేసేవారేమో. కాని రాయవలసినది నేను.

మన పిల్లల్లో చాలామంది ఈనాడు కంప్యూటర్ల ముందు ఇలాంటి పట్టికలే తయారు చేస్తున్నారు. వారికి నా మనవి ఒక్కటే: తెలిసిన సంగతి వుంటే రిమార్కుల కాలమ్ ఖాళీగా వదలకండి.