పాముకాటు – నాటువైద్యం: నమ్మకం ఎందుకు, ముప్పు ఎక్కడ?

పాము కరిచినప్పుడు మంత్రం వేయించుట, పసరు త్రాగించుట, కాటుపై నల్లరాయి అంటించుట మన పల్లెలలో తరతరాలుగా వస్తున్న పద్ధతులు. వీటిలో ఏ ఒక్కటీ విషమును విరుస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 – 2019 సంవత్సరాల నడుమ మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించారు. వీరిలో అత్యధికులు పల్లెవాసులు.

నమ్మకానికి కారణాలు

మంత్రం వేసే పెద్ద ఊరిలోనే ఉంటాడు. అర్ధరాత్రి పిలిచినా లేస్తాడు. పలువురు సొమ్ము కూడా పుచ్చుకొనరు. ఆసుపత్రి దూరం. సరిహద్దు కుటుంబాలకు అక్కడి భాష కూడా ఒక్కొక్కచోట అడ్డంకియే.

అంతకన్న బలమైన కారణం, మంత్రంతో బ్రతికినవారు కళ్ళెదుట కనబడుట. జెర్రిపోతు, నీరుకట్టు వంటి అనేక పాములకు ప్రాణాంతకమైన విషం లేదు. విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. ఇట్టివారు ఏ వైద్యమూ లేకున్నా బ్రతుకుతారు. కీర్తి మాత్రం పసరుకు దక్కుతుంది.

నష్టం

మొదటి నష్టం కాలహరణం. కట్లపాము తరచుగా రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలి, మాట ముద్దయి, శ్వాస నిలిచిపోవచ్చును. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. విరుగుడు మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని అణచగలదే గాని, అప్పటికే జరిగిన హానిని పూర్తిగా మాన్పలేదు.

గాయాన్ని కోయుట, నోటితో పీల్చుట, తాడుతో బిగించుట కూడా హానికరములే. పాము విషానికి వాడే ఈశ్వరి వేరులో మూత్రపిండాలను చెరిచి, క్యాన్సరు కలిగించగల ఆమ్లం ఉన్నది.

రుజువైన మందు

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషాన్ని స్వల్ప మోతాదులలో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుండి విరుగుడు తయారుచేస్తారు. ఇందుకు కావలసిన విషాన్ని సేకరించేవారిలో చెన్నై సమీపంలోని ఇరులర్ల సహకార సంఘం ముఖ్యమైనది. 1978లో ఏర్పడిన ఆ సంఘంలో వంశపారంపర్యంగా పాములు పట్టే ఇరులర్ల నేర్పు నేటి వైద్యానికి ఆధారమైనది. సంప్రదాయ జ్ఞానమంతా వ్యర్థం కాదు. పరీక్షకు నిలిచినదే ప్రాణం కాపాడుతుంది.

చేయవలసినవి

– కరిచిన అవయవాన్ని కదలనీయరాదు; కర్ర ఆసరాగా వదులుగా కట్టవలెను. రోగిని నడిపించరాదు.
– ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీయవలెను.
– కాటు వేసిన వేళ గుర్తుంచుకొనవలెను. పామును వెదకుచు కాలం వృథా చేయరాదు.
– 108కు ఫోను చేయవలెను. వాహనం ఆలస్యమైతే దొరికిన బండిలో బయలుదేరవలెను.
– విరుగుడు ఇచ్చునపుడు కొందరికి తీవ్రమైన అలర్జీ రావచ్చును. కనుక అది వైద్యుని సమక్షంలోనే జరగవలెను.

అన్ని ఆరోగ్యకేంద్రాలలోనూ ఈ మందు సిద్ధంగా ఉండదు. సరిహద్దుకు ఇరువైపులా ఏ ఆసుపత్రిలో ఉన్నదో ముందుగానే విచారించి, ఆ ఫోను నంబరు ఇంటి గోడపై వ్రాసి ఉంచుట మేలు. మంత్రంపై నమ్మకమున్న పెద్దలు దారిలో బండిలోనే జపించవచ్చును. బండి మాత్రం ఆగరాదు.