మన గంటల లెక్క మనమే రాసుకుందాం



మొన్న వేసవి సెలవుల్లో మన ఊళ్లలో పిల్లలకు చదువు చెప్పాం కదా. తర్వాత పలకలు, పుస్తకాలు అడుగుదామని ఒక ఆఫీసుకు వెళ్తే, "ఎంతమంది చెప్పారు? ఎన్ని గంటలు? రాసుకున్నారా?" అని అడిగారు. మన దగ్గర ఫోటోలున్నాయి, లెక్క లేదు. ఉత్తచేతులతో తిరిగొచ్చాం. అప్పట్నుంచీ నాకు గూడెం కొండల కథే గుర్తొస్తోంది.

వందేళ్ల కిందట నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు ఘాట్ రోడ్డు వేయించింది డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్. రాళ్లు మోసింది మాత్రం కొండమీద మనవాళ్లు. కూలి ఇస్తే అరకొర, లేదంటే వెట్టి. ఎదురు మాట్లాడితే దెబ్బలు. ఒళ్లు మనది, లెక్క వాళ్లది.

అప్పటికే పోడు మీద ఆంక్షలున్నాయి. ముఠాదారులకు పాత హక్కులు పోతున్నాయి. ఆ మంటకు ఈ రోడ్డు పని తోడైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర నడిచారు. తీసుకెళ్లిన తుపాకులు, తూటాలు ఎన్నో స్టేషన్ రికార్డులోనే రాసి రాజు సంతకం పెట్టారు. మన చెమటకు సర్కారు సరైన లెక్క చూపలేదు. తిరగబడ్డవాళ్లు మాత్రం తీసుకున్న తూటాకు కూడా లెక్క రాశారు!

ఇంకో కథ రాజస్థాన్‌ది. కరువు పనుల్లో కూలి ఎగ్గొడుతుంటే మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 డిసెంబరులో కోట్ కిరానా ఊళ్లో అందరి ముందు మస్టర్ రోల్ చదివి వినిపించారు. పనికే రాని వాళ్ల పేర్లు అందులో బయటపడ్డాయి. ఆ పోరాటమే పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది.

మనం చేసేది వెట్టి కాదు, ఇష్టంతో చేసే సేవ. "సేవకు లెక్కేంటి అన్నా?" అని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో కూడా వాలంటీరుకు ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకు 240 గంటలు అని లెక్క ఉంది. అది గొప్ప చెప్పుకోడానికి కాదు. ఎవరి మీద ఎక్కువ బరువు పడుతోందో, ఏ ఊరికి మనం అసలు వెళ్లలేదో తెలియాలంటే లెక్క ఉండాలి. వంట చేసిపెట్టే అక్కచెల్లెళ్ల గంటలు ఎవరి కంటా పడవు. అవి ముందు రాయాలి.

ఒక పెద్ద నోటుబుక్కు చాలు. తేదీ, ఊరు, పేరు, చేసిన పని, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, ఆ ఊరి పెద్ద ఒకరి సంతకం లేదా వేలిముద్ర. ఐదుగురు మూడేసి గంటలు చేస్తే పదిహేను గంటలు. నడిచి వెళ్లిన టైము వేరే గడిలో రాయాలి, పనిలో కలపొద్దు. ఏ రోజుది ఆ రోజే రాయాలి, నెలాఖరున గుర్తుచేసుకుని రాస్తే అది అబద్ధమవుతుంది. మూడు నెలలకోసారి మొత్తం కూడి, ఆఫీసుకు ఇచ్చే ముందు మన గ్రామసభలో చదవాలి. తప్పుంటే అక్కడే ఎవరో ఒకరు లేచి చెబుతారు.

దొంగ మస్టర్ల వల్ల నష్టపోయినోళ్లం మనం. మన పుస్తకంలో ఒక్క దొంగ గంట కూడా ఉండొద్దు.

వచ్చే ఆదివారం మీటింగుకు నోటుబుక్కు నేను తెస్తా. మొదటి పేజీ మీరు రాయండి. జోహార్.